ముక్కుపైపు పట్టుకున్న చేతులు

ఉగ్గుగిన్నెకు ముక్కు ఉంటుంది. వెండిదైనా ఇత్తడిదైనా ఆకారం ఒకటే: గుప్పెట్లో ఇమిడే గిన్నె, పిచ్చుక ముక్కులా సాగిన కొస. ఆ కొసను పసిగుడ్డు పెదవి మూలన ఆనించి, ఒళ్లో తల కాస్త ఎత్తి పెట్టుకుని, చుక్కచుక్కగా వంచడం అమ్మమ్మల చేతికి తెలిసిన విద్య. ఎక్కువ వంచితే పొలమారుతుంది, తక్కువ వంచితే పిల్ల ఏడుస్తుంది. తమిళులు దాన్ని పాలాడై అంటారు. నెలలు నిండక పుట్టి, చప్పరించే సత్తువ లేని పిల్లలకు ఆసుపత్రుల్లో నర్సులు ఇప్పటికీ దానితో పాలు పడతారు. తాగలేని బిడ్డకు తాగించడానికి మనిషి పడ్డ పాట్లన్నీ వరసగా పేరిస్తే, మన గూట్లోని ఈ గిన్నె మొదట్లోనే నిలబడుతుంది. ఆ వరస చివర రైల్స్ ట్యూబు ఉంటుంది. గిన్నె ముక్కు దగ్గర మొదలైన కథ పిల్ల ముక్కు దాకా వచ్చింది.

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పల్లెల్లో రైల్స్ ట్యూబు అనే మాట డిశ్చార్జి కాగితం మీదే ఉంటుంది. ఇంట్లో మాట ‘ముక్కుకు పైపు’. పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతిన్న పిల్లలు, మెదడువాపు వచ్చి బతికి బయటపడ్డవాళ్లు, కండరాల జబ్బుతో మింగుడు పోయినవాళ్లు, గుండె లోపంతో నాలుగు గుక్కలకే అలసిపోయేవాళ్లు ఆ పైపుతో ఇంటికి వస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసుపు తవ్వకం మొదలయ్యాక ఆ ఇంటి సంగతి ఊహించండి. కొమ్ము, మండ వేరుచేయాలి, ఉడకబెట్టాలి, కల్లంలో పోసి రోజుల తరబడి ఆరబెట్టాలి. ఇంట్లో ఉన్న చేతులన్నీ కల్లంలోనే ఉండాల్సిన కాలం. అందులో రెండు చేతులు మాత్రం రెండు మూడు గంటలకోసారి సిరంజి ఎత్తి పట్టుకోవడానికి ఇంటికి పరుగెత్తాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటే, ఈ ప్రాంతంలో అది వింతేమీ కాదు, ఆ రెండు చేతులూ తల్లివే. పైపు చూసిన పక్కింటి పెద్దామె ముందుగా అడిగేది ఒక్కటే: “నోటికేం పెడ్తలేవా బిడ్డా?” తల్లి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

ఆ సిరంజిని ఇదివరకు ఎవరెవరు పట్టుకున్నారో చూస్తే, ఈ తల్లి చేతికి అది ఎంత ఆలస్యంగా, ఎంత ఒంటరిగా వచ్చిందో తెలుస్తుంది.

పూర్వం వైద్యులు గొంతు మూసుకుపోయిన రోగికి కిందినుంచి తిండి ఎక్కించారు. ఎనిమా రూపంలో పాలు, గుడ్లు, మాంసరసం. ప్రాచీన ఈజిప్టు నుంచి వచ్చిన ఆ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా బతికింది. 1881లో తూటా దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ 79 రోజులు ప్రాణాలతో ఉన్నాడు, ఆ రోజుల్లో ఆయనకు అలాగే మాంసరసం ఎక్కించారు. పెద్దపేగు ఆ తిండిని పెద్దగా ఇముడ్చుకోదని తర్వాత తేలింది. అంటే దేశాధినేత ఆకలితోనూ కృశించాడన్నమాట.

పైనుంచి పైపు వేసినవాళ్లలో నాకు నచ్చేది లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్. మింగడం పోయిన ఒక రోగికి 1790 ప్రాంతంలో ఆయన పాముచేప చర్మాన్ని తిమింగలం నోట్లోని ఈనెపుల్ల మీద తొడిగి గొట్టం చేశాడు. పైకొసకు ఒక తిత్తి కట్టి, అందులో తిండి నింపి పిండాడు. ఏం పోశాడంటే గిలక్కొట్టిన గుడ్లు, పాలు, చక్కెర, నీళ్లు, కాస్త ద్రాక్షసారాయి. సారాయి పక్కన పెడితే, ఇవాళ మన ఇళ్లలో పైపులో పోసేది దాదాపు ఇదే. రోగి కోలుకుని మళ్లీ నోటితో తిన్నాడు. పైపు తాత్కాలికం, నోరు శాశ్వతం అన్న ఆశ అప్పటినుంచే ఉంది. అందరికీ అది నెరవేరదు.

పిల్లల దగ్గరికి పైపు తెచ్చింది పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసిన ఎతియెన్ టార్నియే. 1880లలో ఆయన నెలలు నిండని పిల్లలను వెచ్చటి పెట్టెల్లో పడుకోబెట్టి, నోటిగుండా సన్నటి రబ్బరు గొట్టం దింపి పాలు పోయించాడు. ఫ్రెంచివాళ్లు ఆ పనికి పెట్టిన పేరు గావాజ్, బాతులను బలవంతంగా మేపి కొవ్వెక్కించడానికి వాడే మాట. పేరు మోటుదే గానీ పిల్లలు బతికారు.

నేరుగా కడుపుకు రంధ్రం చేయొచ్చని 1837లో నార్వే సైనిక వైద్యుడు ఎగెబర్గ్ సూచించాడు. 1849లో స్ట్రాస్‌బర్గ్‌లో సెదియో చేసి చూపించాడు, రోగి దక్కలేదు. పాతికేళ్ల పాటు ఎవరు చేసినా అదే ఫలితం. 1876లో పారిస్‌లో వెర్నూయ్ చేతిలో రోగి నిలిచాడు. క్రిమిరహిత శస్త్రచికిత్స వచ్చాకే ఈ దారి తెరుచుకుంది. ఆ తర్వాత వందేళ్లు కడుపు పైపు అంటే కోత, మత్తు, ఆపరేషన్ థియేటరే.

ఈ చరిత్రలో ఒక చీకటి గది ఉంది, దాన్ని దాటేసి పోలేను. పైపు జైళ్లలోనూ పనిచేసింది. లాహోర్ జైల్లో నిరాహార దీక్ష చేస్తున్న విప్లవకారుడు జతిన్ దాస్‌కు 1929 జులైలో ముక్కుగుండా బలవంతంగా పాలు పోశారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. 63 రోజుల దీక్ష తర్వాత సెప్టెంబర్ 13న ఆయన మరణించాడు. ఇంఫాల్‌లో నిరాహార దీక్షకు దిగిన ఇరోమ్ షర్మిల 2000 నవంబర్ నుంచి 2016 ఆగస్టు దాకా ముక్కుకు పైపుతోనే ఉంది. మన దేశంలో చాలామంది ముక్కుపైపును మొదటిసారి చూసింది వార్డులో కాదు, పేపర్లో ఆమె ఫొటోలో. అందుకే ఊళ్లో ఆ పైపు చూడగానే జాలికి ముందు భయం వేస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. జతిన్ దాస్‌కు జరిగింది, అంటే పైపు దారి తప్పి ఊపిరితిత్తిలో దిగడం, ఈనాటికీ ఇంట్లో పైపు పోసే తల్లి మొదటి భయం. జైలు వైద్యుడి చేతిలో అది హింస, తల్లి చేతిలో అయితే ప్రమాదం. పైపుకు మాత్రం ఆ తేడా తెలియదు.

రైల్ అనేది మనిషి పేరు. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్, 1921 ప్రాంతంలో, జీర్ణరసాలు కొంచెం కొంచెంగా బయటికి తీసి పరీక్షించడానికి ఈ సన్నటి పైపు వాడాడు. ఆయన ఉద్దేశం తిండి పోయడం కాదు, లోపలున్నది తీయడం. అదే ఏడాది అమెరికాలో లెవిన్ తన పేరుతో ఇంకో పైపు తెచ్చాడు. బ్రిటిష్ వైద్యం మనకు వచ్చింది కాబట్టి మన ఆసుపత్రుల్లో రైల్ పేరు నిలిచింది. పైపు కవరు మీద రాసే 6, 8, 10 అంకెలు పారిస్ పనిముట్ల తయారీదారు షారియేర్ పెట్టిన కొలత, ఒక్కో అంకెకు మిల్లీమీటరులో మూడో వంతు. 8 అంకె పైపు వెడల్పు మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ సన్నటి సొరంగంలోంచే ఒక పిల్ల పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి పాలు అన్నీ దిగాలి.

పైపు ఇంటికి రావడానికి దారి తీసింది 1979. ఆ ఏడాది జూన్ 12న క్లీవ్‌లండ్‌లో పిల్లల శస్త్రవైద్యుడు మైకేల్ గాడెరర్, ఎండోస్కోపీ నిపుణుడు జెఫ్రీ పాన్‌స్కీ కలిసి నాలుగున్నర నెలల పసిబిడ్డకు పొట్ట కోయకుండా పైపు వేశారు. గది చీకటి చేసి, నోటిగుండా దీపమున్న గొట్టాన్ని కడుపులోకి దింపితే, చర్మం మీద వెలుగు మరక కనిపిస్తుంది. ఆ మరక దగ్గర సూది గుచ్చి, దారం లోపలికి పంపి, దాన్ని నోట్లోంచి లాగి, దానికి పైపు కట్టి వెనక్కి లాగుతారు. పెగ్ ట్యూబు అంటే అదే. 1984లో గాడెరరే చర్మానికి సమానంగా ఉండే బటన్ తెచ్చాడు. చొక్కా కింద కనపడదు, పిల్ల బోర్లా పడుకోవచ్చు.

పరికరం తయారైంది. దాన్ని ఇంటికి పంపనిచ్చే మనసు ప్రభుత్వాలకు రావాలి కదా. ఇక్కడ కేటీ బెకెట్ కథ చెప్పుకోవాలి. అయోవా రాష్ట్రంలో 1978లో పుట్టిన ఆ పాపకు నెలల వయసులో మెదడువాపు వచ్చి, యంత్రం లేనిదే ఊపిరి ఆడని స్థితి. ఆసుపత్రిలో ఉన్నంత కాలం ప్రభుత్వం ఖర్చు పెట్టింది. ఇంటికి తీసుకెళ్తే, ఖర్చు ఎంతో తగ్గినా సరే, తల్లిదండ్రుల ఆదాయం లెక్కకట్టి సాయం ఆపేస్తామంది. 1981 నవంబర్‌లో అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు ఈ తిక్క నిబంధనను ఎత్తిచూపాక సడలించారు. పాప క్రిస్మస్‌కు ఇంటికి చేరింది, 2012 దాకా బతికింది. ఆ పాప ఇంటికి చేరిన మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌లో నయం కాని జబ్బుల పిల్లల కోసం హెలెన్ హౌస్ అనే సంరక్షణ గృహం తెరిచారు. జపాన్ ఇంకో అడుగు వేసింది. శిక్షణ పొందిన సహాయకులు కూడా పైపు తిండి పోయొచ్చని 2012లో అనుమతించి, 2021లో ఇలాంటి పిల్లల కుటుంబాలకు అండగా ఏకంగా ఒక చట్టమే చేసింది. తల్లి ఒక్కతే నలిగిపోకూడదన్నది దాని సారం.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి 1953లో వచ్చింది. ఉత్తర తెలంగాణ తల్లులకు తరాలుగా ఆ పేరే పెద్దదిక్కు. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురులియాతో మొదలైన నవజాత శిశు విభాగాలు తర్వాతి పదేళ్లలో జిల్లా ఆసుపత్రులకు పాకాయి. నిజామాబాద్‌కు 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇదివరకు పుట్టిన రోజే పోయే పిల్లలు బతకసాగారు. ఇది ఘనవిజయం, సందేహం లేదు. ఆ బతికినవాళ్లలో కొందరు మింగలేని స్థితిలో బతికారు. వాళ్లను కాపాడిన విభాగం వాళ్లను ఇంటికి పంపింది, ఇంటి గడప దగ్గర మాత్రం వైద్యం ఆగిపోయింది. పైపు పిల్ల వెంట వచ్చింది. నర్సు రాలేదు.

డిశ్చార్జి రోజున సిస్టరు చూపించే పాఠం పది నిమిషాలది. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కడినుంచి రొమ్ము ఎముక కింది దాకా కొలిచి పైపుకు గుర్తు పెట్టాలి. పోసే ముందు సిరంజితో కొంచెం వెనక్కి లాగి చూడాలి. తల ఎత్తి కూర్చోబెట్టాలి, పోశాక నీళ్లతో పైపు కడగాలి, వెంటనే పడుకోబెట్టకూడదు. చాలాచోట్ల గాలి కొట్టి స్టెతస్కోపుతో పొట్ట మీద గుడగుడ వినమని నేర్పేవాళ్లు. ఆ గుడగుడ ఊపిరితిత్తిలోంచి కూడా వినిపించగలదని, దాన్ని నమ్మొద్దని బ్రిటన్ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. లాగిన రసాన్ని పిహెచ్ కాగితం మీద వేసి 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే పోయాలన్నది వాళ్ల నియమం. ఆ కాగితం పుస్తకం ఖరీదు కొన్ని వందల రూపాయలు. పైపుతో పాటు దాన్నీ చేతిలో పెట్టి పంపడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

ఇక తిండి. ఇక్కడ మన తల్లులకు చెప్పాల్సిందీ ఉంది, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది. డబ్బా పొడులు ఖరీదు. కాబట్టి ఇంటి తిండే దిక్కు: పాలు, జావ, పప్పుకట్టు, మెత్తగా మెదిపిన అరటిపండు. పైపు సన్నం కాబట్టి చిక్కగా పోస్తే అడ్డుపడుతుంది, అందుకని నీళ్లు కలుపుతారు. ఇంకా అడ్డుపడితే ఇంకా నీళ్లు. చివరికి పిల్ల పొట్ట నిండుతుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. నెలల తరబడి తూకం పెరగదు. ‘పైపులో ఇంత పోస్తున్నా చిక్కిపోతంది’ అన్న తల్లి మాటలో అబద్ధం లేదు, ఆమె పోసేది నీళ్ల జావ.

దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. రాగులు నానబెట్టి, మొలకలు కట్టించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే, మొలకెత్తిన గింజలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా తెంచుతుంది. అందుకే రాగి మాల్ట్‌తో కాచిన జావ ఎక్కువ పిండి వేసినా పలచగానే ఉంటుంది. బలం తగ్గదు, పైపు మూసుకుపోదు. బరోడాలో తారా గోపాలదాస్ బృందం 1980లలో దీన్ని శాస్త్రీయంగా నిరూపించింది. మొలకల పిండి ఒక్క చెంచా వేస్తే గట్టి జావ కూడా జారుడుగా మారుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పోషణ తగ్గిన పిల్లల కోసం రూపొందించిన హైదరాబాద్ మిక్స్ కూడా మన సరుకులదే: వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీ 10, బెల్లం 20. దాంతో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. అంగన్‌వాడీలో మూడేళ్ల లోపు పిల్లలకిచ్చే బాలామృతం ప్యాకెట్టు పైపు పిల్లకూ హక్కే. ఉడికించి, మిక్సీలో మెత్తగా చేసి, పలచటి గుడ్డలో వడగట్టి వాడుకోవచ్చు. ఏ పిల్లకు ఎంత పోయాలన్నది మాత్రం డైటీషియన్ లెక్కగట్టాలి. సరదా ఏమిటంటే, పడమటి దేశాల్లో డబ్బా ఫార్ములాలే సరైన తిండి అని చాలా ఏళ్లు నమ్మినవాళ్లు ఇప్పుడు మళ్లీ మిక్సీ పట్టిన ఇంటి తిండి వైపు చూస్తున్నారు. మన తల్లులు ఎప్పుడూ అక్కడే ఉన్నారు, గత్యంతరం లేక.

ఆర్మూర్ అనగానే వచ్చే ఇంకో ప్రశ్న పసుపు. పెగ్ ట్యూబు దిగిన చోట చర్మం చెమ్మగిల్లుతుంది, ఒక్కోసారి ఎర్రబడుతుంది. దెబ్బకు పసుపు అద్దే ఊళ్లో చెయ్యి దేనివైపు పోతుందో చెప్పాలా? గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం అమెరికా పేటెంటు పొందితే, అది మా అమ్మమ్మలకు తెలిసిన సంగతేనని మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు మనందరిదీ. అయినా పైపు రంధ్రం దగ్గర పసుపు వద్దు. అది మానిపోవాల్సిన గాయం కాదు, తెరిచి ఉండాల్సిన దారి. పొడి పైపు చుట్టూ గడ్డకడుతుంది. పైగా పసుపు రంగు కింద ఎరుపు కనపడదు, చీము పట్టే తొలి గుర్తు కంటికి దొరకదు. సబ్బునీళ్లతో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వడం చాలు. పసుపు పండించే రైతుకు ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే, కానీ చెప్పాలి.

పెగ్ ట్యూబు జారి బయటికి వస్తే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. ఆర్మూర్ నుంచి హైదరాబాద్ జాతీయ రహదారి 44 మీద రెండొందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. రాత్రి పదికి పైపు ఊడితే, బండి మాట్లాడుకుని, డబ్బు సర్దుకుని, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో వంతు వచ్చేసరికి మళ్లీ గుచ్చాల్సిందే. ముక్కుపైపు సంగతి వేరే. పీవీసీ పైపు కొద్ది రోజులకే గట్టిపడుతుంది, మార్చాలి. ఆ చిన్న పనికి కూడా చాలామంది అదే దారి పట్టి పోతారు, ఒక రోజు కూలి, బస్సు కిరాయి పోగొట్టుకుని.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలకు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం ఉంటే తెలంగాణలో పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆరోగ్యశ్రీ పరిమితి అదే ఏడాది డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆరోగ్యశ్రీని మొదటినుంచీ ఆసుపత్రి మంచం చుట్టూ అల్లారు. వంటింట్లో మిక్సీ పక్కన జరిగే వైద్యం దాని కంటికి ఆనదు. ఆలన పేరుతో ఇంటికే వచ్చే పాలియేటివ్ బృందాలు జిల్లాల్లో మొదలయ్యాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ వంటివాళ్లు వేసిన బాట అది. నొప్పి తగ్గించడం, పుండు కట్టడం, పైపు మార్చడం ఇంట్లోనే చేయొచ్చని ఆ బృందాలు చూపించాయి. అక్కడ ఎక్కువగా కనపడేది క్యాన్సర్ పెద్దలు. పైపు పిల్లలను కూడా ఆ జాబితాలో రాసుకోవాలి.

2016 చట్టంలోని 24వ సెక్షన్ ఇంకో మాట కూడా చెప్పింది. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చేలా ప్రభుత్వాలు పథకాలు చేయాలని. పిల్ల పింఛను వేరు, పిల్లను కనిపెట్టుకుని కూలి మానుకున్న తల్లికి దక్కాల్సింది వేరు అని చట్టమే ఒప్పుకుందన్నమాట. చట్టపుస్తకంలో అచ్చైన హక్కును అడగడానికి ఎవరి దయా అక్కర్లేదు.

అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దానితో పోలిస్తే ఈ తల్లులు అడగాల్సింది చిన్నది. ఆర్మూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక పూట పైపు మార్చడం, నేర్పడం తెలిసిన ఒక నర్సు. పిల్ల సైజుకు తగిన పైపులు, సిరంజిలు, పిహెచ్ కాగితాలు. పైపు ఊడిన రాత్రి ఫోను ఎత్తే ఒక నంబరు. ఏ ఇంట్లోనైనా ఇలాంటి పిల్ల ఉంటే, ఆ తల్లి కల్లం వదిలి రాలేకపోతే, ఆమె తరఫున మీరు అర్జీ రాయండి. ప్రజావాణి సోమవారం నాడు నిజామాబాద్ కలెక్టరేట్‌లో ఉంటుంది.